సంతోషం కూడా పథ్యమే

ఇటీవల ఒక రాత్రి ‘ఆనంద్’ హిందీ చలనచిత్రాన్ని మరల చూశాను. 1971లో హృషీకేశ్ ముఖర్జీ దర్శకత్వంలో వెలువడిన ఈ చిత్రం పాఠకులలో పెద్దలకు చిరపరిచితమే. ప్రేగులలో క్యాన్సర్ సోకి, ఆరు నెలలకు మించి బ్రతకనని తెలిసిన ఆనంద్ (రాజేశ్ ఖన్నా) బొంబాయికి వస్తాడు. వైద్యుడైన భాస్కర్ (అమితాబ్ బచ్చన్) ముఖంలోని దిగులు ఈ రోగి ముఖంలో కానరాదు. దారిన పోయే అపరిచితులను ‘మురారీలాల్’ అని పిలిచి స్నేహం కలుపుకుంటాడు. చివరకు మరణిస్తాడు. నవ్వు అతని వ్యాధిని నయం చేయలేదు. చిత్రం అటువంటి అబద్ధం చెప్పదు. నాకు నచ్చినది అదే.

చరక సంహిత సూత్రస్థానం 25వ అధ్యాయంలో ఏ పనికి ఏది శ్రేష్ఠమో తెలిపే పెద్ద పట్టిక ఉన్నది. పాలు, నెయ్యి, తేనె పేర్కొన్న ఆ పట్టికలోనే, తృప్తినిచ్చే వాటిలో హర్షం, శరీరాన్ని శుష్కింపజేసే వాటిలో శోకం, రోగాన్ని పెంచే వాటిలో విషాదం ప్రధానమని చెప్పబడినది. 30వ అధ్యాయం సుఖాయువును, హితాయువును వేరు చేసింది. శరీర మానస వ్యాధులు లేక, బలంతో, భోగభాగ్యాలతో గడిచేది సుఖాయువు. సర్వప్రాణుల మేలు కోరుతూ, సత్యం పలుకుతూ, శాంతంగా గడిచేది హితాయువు. ఆనంద్‌కు మొదటిది దక్కలేదు. రెండవది నిండుగా ఉన్నది.

ఈ అధ్యాయాలను నేను ఎన్నోమార్లు చదివాను. అయినను మా తల్లిగారి చివరి జబ్బులో నాకు అవి గుర్తు రాలేదు. వేళ తప్పక కషాయం ఇచ్చాను, ఉప్పు తగ్గించాను, గదిలో అలికిడి చేయవద్దని పిల్లలను కట్టడి చేశాను. ఒకనాడు ఆమె, “నాయనా, ఇంట్లో ఎవ్వరూ నవ్వరేమిరా? నేనింకా పోలేదు కదా!” అన్నది. దానికి నా వద్ద ఔషధం లేదు. ఆ సాయంత్రమే పిల్లలు మంచం ప్రక్కన వైకుంఠపాళి పరిచారు. పాము నోట పడినప్పుడల్లా ఆమె గవ్వలది తప్పని వాదించేది. వ్యాధి తగ్గలేదు గాని, ఆ పూట అన్నం మరి రెండు ముద్దలు తిన్నది.

ఇందులో వింత లేదు. చింత, శోకం, భయం, క్రోధాలతో తిన్న పథ్యాహారం, మితంగా తిన్నప్పటికీ, జీర్ణం కాదని విమానస్థానం 2వ అధ్యాయం చెబుతున్నది. కనుక రోగి భోజనం చేసే వేళ వ్యాధి ప్రసక్తి, మందుల ఖర్చుల లెక్కలు తేవద్దు. అట్లని బలవంతంగా నవ్వించబూనడం కూడా తగదు. ఏడ్వదలచిన వారిని ఏడ్వనివ్వాలి. వైద్యుడు వ్రాసిన మందు మానరాదు. దిగులు, నిద్రలేమి, అన్నద్వేషం రెండు వారాలకు మించి కొనసాగితే వైద్యునికి తప్పక చూపాలి. పొట్టపై శస్త్రచికిత్స జరిగిన వారికి కుట్లు మానేవరకు పెద్ద నవ్వు నొప్పి కలిగిస్తుంది. వారికి మెల్లగా కబుర్లు చాలు. రోగి కనురెప్పలు బరువెక్కగానే ఆట ముగించి దీపం తగ్గించాలి.