అడుగుకు తగిన పాట

వార్షికోత్సవం దగ్గర పడ్డాక, మాకు పాట పాడే నేస్తం వాళ్ల నాన్నగారికి బదిలీ అయింది. ఆమె పాట ఆదితాళం. ఒక దెబ్బ, మూడు వేళ్లు, ఆపైన దెబ్బా విసురూ రెండుసార్లు. మొత్తం 8 అక్షరాలు. మా అడుగులన్నీ దానికే కట్టుకున్నాం.

కొత్తగా అందరికీ నచ్చిన పాట తెచ్చుకుంటే రెండో ఆవర్తనానికే కాళ్లు తడబడ్డాయి. లెక్కపెడితే 7! మూడూ నాలుగూ కలిసిన మిశ్రచాపు అది. మాటల తీపిలో పడి తాళం చూసుకోలేదు మరి. అప్పటినుంచి ముందు చేత్తో తాళం వేసి చూస్తున్నాం, నచ్చడం ఆ తర్వాతే. మీరూ అలాగే చూడండి.

చివరికి నారాయణతీర్థుల బాలగోపాల తరంగం కుదిరింది. అదీ ఆదితాళమే. కూచిపూడిలో తరంగాన్ని ఇత్తడి పళ్లెం అంచులపై నిలబడి ఆడతారు. మేం మాత్రం నేల మీదే ఆడాం.