మన యౌవనస్థులు - మత్తు పదార్థములు

పఠనభాగము: దానియేలు 1వ అధ్యాయము



మన బూర్గంపాడు ప్రాంతములో మత్తు క్రొత్త సంగతి కాదు. తాటికల్లు, ఇప్పసారా పెద్దలెల్లరు ఎరిగినవే. అయితే నేటి బాలునికి ఎదురగుచున్న శోధన వేరు. గుట్కా పొట్లము, పంక్చరు అతికించు సొల్యూషను, గంజాయి - ఇవి జేబులో దాగును, ఇంటివారికి కనబడవు. 2019లో ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు కేంద్ర ప్రభుత్వము కొరకు చేసిన పరిశీలన వెలువడినది. ఇట్టి వాసనలు పీల్చు అలవాటు పెద్దలలో నూటికి 0.58 కాగా, 10-17 ఏండ్ల పిల్లలలో 1.17గా నున్నది. తక్కిన మత్తులలో పెద్దలే ముందున్నారు; దీనిలో మాత్రము పిల్లలు మించిరి.

బాలుడు ఏల చిక్కుకొనును?

1. ఇల్లు: కల్లు తెమ్మని కుమారుని పంపు తండ్రి మొదటి గ్రుక్కకు దారి చూపుచున్నాడు. పండుగనాడు "ఒక్క చుక్కే గదా" యని పోయు మేనమామయు అట్టివాడే.

2. స్నేహము: మొదటిసారి మత్తు నిచ్చువాడు తరచుగా తోటి స్నేహితుడే.

3. బడి మానుట: ఒడిశా సరిహద్దునుండి భద్రాచలము మీదుగా గంజాయి చేరవేయువారు, పనిలేక తిరుగు పిల్లవానికి కూలి యాశ చూపుదురు. 1985 నాటి చట్టము ప్రకారము 20 కిలోలకు మించి గంజాయి మోసిన పెద్దవానికి 10 ఏండ్లకు తగ్గని కఠిన శిక్ష గలదు.

4. వయస్సు: తన్ను తాను అదుపు చేసికొను మెదడు భాగము సుమారు 25 ఏండ్లవరకు ఎదుగుచునే యుండును. కావున చిన్ననాటి అలవాటు లోతుగా వేరూనును.

దానియేలును గమనించుడి. పరదేశములో చిన్నవాడైన అతడు రాజుగారి ద్రాక్షారసము వద్దని తీర్మానించుకొనెను. అతనితోకూడ ముగ్గురు స్నేహితులుండిరి. కాబట్టి చెడు స్నేహము మాన్పించిన చాలదు, మంచి స్నేహము కల్పింపవలెను.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు ఏకమై తమ యూరి సారా దుకాణము మూయించిరి. ఆ యుద్యమము వ్యాపించి, 1993 అక్టోబరునుండి రాష్ట్రమంతట సారా నిషేధింపబడెను. పల్లెటూరి తల్లులకు అంత బలము గలదు.

పిల్లవాని కండ్లు ఎరుపెక్కినను, బడికి పోవుట తగ్గినను, ఇంట డబ్బు కనబడకపోయినను వెంటనే కొట్టకుడి, నలుగురిలో సిగ్గుపరచకుడి. కూర్చుండబెట్టి అడిగి వినుడి. వేరే కారణమును ఉండవచ్చును. మత్తుకు అలవాటుపడినయెడల అది వైద్యముగల రోగమని యెరిగి ఆసుపత్రికి తీసికొనిపొండి. 14446 నంబరుకు ఉచితముగా ఫోనుచేసి సలహా పొందవచ్చును.

ఆలోచించుటకు ప్రశ్నలు:

1. మన యింట కల్లు, చుట్ట, సిగరెట్టు తెచ్చుటకు ఎవరిని పంపుచున్నాము?

2. మన వాడలో బడి మానిన బాలురెవరు? వారిలో ఒకనికైనను మనము స్నేహితులమైతిమా?