చర్మానికి మనసు మందు ఎందుకు?

అనంతపురం ఎండకూ దుమ్ముకూ దురద మనకు కొత్త కాదు. అయితే చర్మ డాక్టరు చీటీలో డాక్సెపిన్ కనబడితే, 'పిచ్చికిచ్చే మందంట' అని మానేసేవారున్నారు. అది దిగులుకు వాడే మందే. కానీ దురద పుట్టించే హిస్టమిన్‌ను గట్టిగా అడ్డుకుంటుంది. అందుకే మామూలు మాత్రలకు లొంగని దద్దుర్లకు రాత్రిపూట, తక్కువ మోతాదులో ఇస్తారు. మత్తు వస్తుంది, గ్లకోమా ఉన్నవారు ముందే చెప్పాలి.

ఒంట్లో పురుగులు పాకుతున్నాయని బలంగా నమ్మే జబ్బు వేరు. స్వీడన్ వైద్యుడు ఎక్‌బోమ్ 1938లో దాన్ని వివరించారు. దానికి మనోవైద్య మందే ఆధారం. అయితే ముందుగా గజ్జి, కిడ్నీ, లివర్ జబ్బులు లేవని తేల్చుకోవాలి.

మీ సదఖాతో మందు కొనిచ్చేటప్పుడు మనం రెండు మాటలు కూడా చెబుదాం: ఇది మీ దురదకే రాశారు, డాక్టరును అడగకుండా మానవద్దు. దిగులు కూడా తోడైతే టెలి మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.