పాత లోగిలి, పెరటి తోట

సికిందరాబాదునందలి సీతాఫల్‌మండి పేరులోనే పండ్ల యంగడి యున్నది. సీతాఫలము అమెరికా ఖండపు ఉష్ణప్రదేశములనుండి మనకు వచ్చినదే యైనను, దక్కను రాతినేలలో సొంత బిడ్డవలె పెరుగును. ఇట్టి పేరుగల పేటయందు సైతము పాత యిండ్లవారు పెరళ్లను సిమెంటుతో కప్పివేయుట చూచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మే మెఱిగిన యిల్లొకటి గలదు. సున్నపు గోడలు, ముందు వరండా, నడుమ మండువా, వెనుక బావి. యజమాని బురదకు విసిగి గోడల యంచువఱకు సిమెంటు పరపించెను. రెండు వానకాలములు గడచునప్పటికి చెమ్మ మోకాలి యెత్తున ప్రాకి సున్నము రాలసాగెను. కారణ మేమని మమ్మడిగెను. నేల మూయబడగా క్రింది తేమకు గోడయే దారి యయ్యెను. సున్నపు గోడ తేమను పీల్చి గాలికి విడుచును. దానిపై సిమెంటు పూసినచో చెమ్మ లోపలనే నిలిచి మఱింత పైకెక్కును. ఈ తప్పు మా యింటను జరిగినదే గనుక తెలిసి చెప్పుచున్నాము.

గోడవెంబడి రెండడుగుల మేర సిమెంటు పగులగొట్టి, కంకర పోసి, నేలను బయటికి వాలుగా దిద్దవలయును. మిగిలిన చోట షాబాదు బండలను ఇసుకపై పరచి, సందులలో గరికను పెరుగనిచ్చిన చాలును. కూర్చుండుటకు చోటును గలుగును, వాన నీరును ఇంకును. నూఱు చదరపు మీటర్ల కప్పుమీద ఒక మిల్లీమీటరు వాన కురిసిన నూఱు లీటర్లగును. ఇచట ఏటికి సుమారు 800 మిల్లీమీటర్లు కురియును. లెక్క విద్యార్థులే వేసికొందురు గాక. అందు సగము ఇంకుడు గుంతకు చేరినను బావికి మేలే.

ఇక నీడ సంగతి. మన యక్షాంశము 17 డిగ్రీలకు పైన. జూన్ 21న మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి 6 డిగ్రీలు ఉత్తరముగా నుండును. డిసెంబరులో దక్షిణమునకు 41 డిగ్రీలు వాలును. కావున దక్షిణమున మల్లె, మందారము వంటి పొట్టి మొక్కలే యుంచిన, చలికాలపు టెండ వరండాలోనికి వచ్చును. వేసవిని కాల్చునది పడమటి యెండ. అటు గోడకు ఇరువది యడుగుల దూరమున వేప నాటవలెను. సీతాఫలము వేసవి తొలి దినములలో మోడై నిలుచును గనుక నీడకు దానిని నమ్మరాదు. గోడ పగుళ్లలో మొలచిన రావి మొక్కను మాత్రము చిన్ననాడే పెఱికివేయవలయును.

మన యజమాని యివన్నియు చేసెను గాని, పెరటి సీతాఫలము కాయదనుచు కొట్టింప నెంచెను. మే మొక యేడు గడువడిగితిమి. దాని పువ్వు మొదట ఆడుదై, పిమ్మట మగదై పుప్పొడి విడుచును. రెండును ఒక్కమాఱు కుదురవు. చిన్న పురుగులు రానిచో కాయ నిలువదు. విచ్చిన పూల పుప్పొడిని కుంచెతో తీసి, సగము విచ్చిన పూలకు మా బాలురు పది దినములు అద్దిరి. పదునొకండు కాయలు నిలిచినవి. గొడ్డలి తిరిగి కొట్టుగదిలోనికి చేరినది.