గేటు దగ్గర గొంతు తగ్గించకండి

"సార్, పాప బడిలో నోరు విప్పడం లేదట. ఇంట్లో మా లంబాడి మాట పూర్తిగా మానేశాం. అయినా ఇంగ్లీషు రావట్లేదు." ఖానాపురం హవేలిలో అద్దెకుంటూ పిల్లల్ని చదివించుకునే తల్లులు ఈ మాట అన్నప్పుడల్లా నాకు మనసు బరువెక్కుతుంది. తండా నుంచి, గూడెం నుంచి ఖమ్మం దాకా వచ్చింది బిడ్డ కోసమే. ఆ ప్రేమను శంకించేవారు ఎవరూ లేరు.

ముందు ఒక భయం తీసేసుకుందాం. ఇంట్లో ఒక భాష, వీధిలో ఇంకొకటి, పుస్తకంలో మరొకటి ఉన్నంత మాత్రాన పసిబుర్ర తికమకపడదు. ఒకే వాక్యంలో రెండు భాషలు కలిపిందంటే, చేతికందిన మాటతో పని జరుపుకుంటోందన్నమాట. ఎవరితో ఏ భాష మాట్లాడాలో పిల్లలు మనకన్నా తొందరగా పసిగడతారు.

కష్టమైన మాట కూడా చెప్పాలి. మనం మానేసిన భాష స్థానంలోకి ఇంగ్లీషు దానంతటది వచ్చి కూర్చోదు. రాని భాషలో అమ్మ ఎంత మాట్లాడగలదు? "తిన్నావా, రాశావా" దగ్గరే ఆగిపోతుంది. కథలు, అలకలు, వంద ప్రశ్నలు ఇంట్లోంచి వెళ్లిపోతాయి. పాపకు మాత్రం ఒకటి అర్థమవుతుంది: అమ్మ మాట దాచుకోవలసినది. అందుకే గేటు దగ్గర "యాడీ" అని పిలవబోయి, ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూస్తుంది. అలా భయపడిన నోరు తరగతిలో ఏ భాషకూ తెరుచుకోదు.

ఇందులో తెలుగు ఇళ్ల వాళ్లమూ ఉన్నాం. మన పిల్లవాడు పక్క బెంచీ వాడి యాసకు నవ్వాడంటే, ఆ నవ్వు ఎక్కడ నేర్చుకున్నాడో ఒక్కసారి ఇంట్లోనే వెతుక్కుందాం. వాడిని కొట్టొద్దు, తిట్టొద్దు. ఆ స్నేహితుడిది కోయ ఇల్లయితే, కోయలో నీళ్లను ఏమంటారో అతణ్ణే అడిగి రమ్మందాం. "ఏర్" అంటారని వచ్చి చెబుతాడు. మన ఏరు అదే కదా! కోయ, తెలుగు ఒకే ద్రావిడ కుటుంబం. లంబాడి హిందీకి చుట్టం. ఆ మాట వచ్చిన పిల్లలకు హిందీ పాఠం సగం తెలిసినట్టే. మన ఊరి పేరులోని హవేలి కూడా ఉర్దూ తెచ్చిన మాటే. శ్రావణంలో తండాలో తీజ్ బుట్టల్లో గోధుమ మొలకలు పెంచేటప్పుడు పిలిస్తే, పిల్లల్ని తీసుకుని వెళ్దాం.

ఇంటి భాషను నిలుపుకోవాలన్నది నా ఒక్కడి నమ్మకం కాదు. భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు మొదటి తరగతులు తల్లిభాషలో చెప్పే ఏర్పాటు ఉండాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం అంటోంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో కోయ, లంబాడితో సహా ఎనిమిది గిరిజన భాషల్లో తెలుగు లిపితోనే పాఠాలు మొదలుపెట్టారు. ఆ పని ఇంకా చాలా మిగిలి ఉంది. మన వంటింట్లో మన మాట మాట్లాడటానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు.

రేపు సాయంత్రం బడి గేటు దగ్గర పాప "యాడీ" అంటే, అమ్మా, మీ మాటలోనే, అందరికీ వినబడేలా పలకండి.