గురుగ్రహం గరగర

ఉరుములు, మెరుపులు వచ్చినప్పుడు రేడియో పెట్టి చూశారా? పాట మధ్యలో గరగరమంటుంది. మెరుపులోంచి రేడియో అలలు పుడతాయి. అందుకే ఆ చప్పుడు.

ఇలాంటి గరగర ఆకాశం నుంచి కూడా వస్తుంది. అది ఎక్కడిదో తెలిసింది 1955లో.

అమెరికాలో వాషింగ్టన్ దగ్గర ఒక పొలం. బర్క్, ఫ్రాంక్లిన్ అనే ఇద్దరు అక్కడ పొలమంతా తీగలు కట్టారు. ఆకాశం నుంచి వచ్చే రేడియో అలలను పట్టడం వారి పని. అల తగిలితే, కదిలే కాగితం మీద పెన్ను గీత గీస్తుంది. కొన్ని రాత్రులు ఆ పెన్ను కాసేపు ఎగిరెగిరి పడేది. ఇంటికి పోయే ఎవరిదో మోటారు బండిలే అనుకున్నారు. బండి ఇంజనులో నిప్పురవ్వ పుడుతుంది. దానికీ రేడియో గరగరమంటుంది మరి.

కాగితాలన్నీ వరసగా పరిచి చూశారు. ఆ గరగర రోజుకి సుమారు 4 నిమిషాలు ముందుకు జరుగుతోంది! మనుషుల బండి అలా నడవదు. చుక్కలు నడుస్తాయి. పిల్లలకోడిని చూడండి. ఇవాళ పొడిచిన వేళకంటే రేపు 4 నిమిషాలు ముందే పొడుస్తుంది. 15 రోజులకి గంట తేడా వస్తుంది. మరి ఆ చోట ఆకాశంలో ఏముంది? పంచాంగం లాంటి లెక్కల పుస్తకం తీసి చూశారు. అక్కడున్నది గురుగ్రహం!

ఈ మాట ఆస్ట్రేలియాకు చేరింది. అక్కడ షేన్ అనే ఆయన 1950, 1951 నాటి పాత కాగితాలు తీశాడు. వాటిలోనూ ఆ గరగర ఉంది. భూమి మీది చప్పుడే అనుకుని అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. కాగితాలు పారేయకపోవడం ఎంత మంచిదయిందో! గురుడు ఎంతసేపట్లో తన చుట్టూ తాను తిరుగుతాడో వాటితోనే లెక్క కట్టాడు. 10 గంటలకు కాస్త తక్కువ.

ఇంతకీ గురుడి దగ్గర ఆ అలలు ఎలా పుడతాయి? గురుడు పెద్ద అయస్కాంతం. ఆయన చుట్టూ తిరిగే చందమామల్లో ఒకదాని పేరు అయో. దాని మీద నిప్పులు కక్కే కొండలున్నాయి. 1979లో ఒక ఫోటోలో ఆ సంగతి మొదట గుర్తుపట్టింది లిండా మొరబిటో అనే ఆమె. ఆ కొండల్లోంచి వచ్చిన గ్యాసు గురుడి చుట్టూ పరుచుకుంటుంది.

సైకిలు డైనమో తెలుసు కదా. లోపల అయస్కాంతం తిరిగితే కరెంటు పుట్టి లైటు వెలుగుతుంది. ఇదీ అలాంటిదే. గురుడి అయస్కాంత బలం గిర్రున తిరుగుతూ అయోను దాటిపోతుంటే కరెంటు పుడుతుంది. ఆ కరెంటు గురుడి ధ్రువాల వైపు పరుగెడుతుంది. అక్కడ రేడియో అలలు లేస్తాయి. గురుబలం లేదని ఆడపిల్ల పెళ్ళి ఆపేవాళ్ళున్నారు. గురుడి అసలు బలం ఇదీ. దీనికీ మన పెళ్ళిళ్ళకూ ఏ సంబంధమూ లేదు.

షార్ట్‌వేవ్ రేడియోకి తగిన ఏరియల్ కడితే ఈ గరగర ఇప్పటికీ వినవచ్చు. ఒక్కోసారి ఒడ్డుకు కొట్టే సముద్రపు అలల్లా ఉంటుంది. ఒక్కోసారి మంగలంలో పేలాలు వేగినట్టు టపటపమంటుంది. అది గురుడి దగ్గర నుంచి మన దాకా రావడానికి అరగంట పైనే పడుతుంది.