లిథియం బ్యాటరీ: నిలుపు చోటు, ఛార్జింగు వేళ

2022వ సంవత్సరము ఏప్రిల్ నెలలో నిజామాబాదునందు ఇంటి హాలులో ఛార్జింగుకు పెట్టిన స్కూటరు బ్యాటరీ పేలి, అక్కడ నిద్రించుచున్న వృద్ధుడు మరణించెను. కొలది దినములకే విజయవాడలో పడకగదిలోని బ్యాటరీ పేలి మరియొకరు అసువులు బాసిరి. సెప్టెంబరు 12వ తేదీ రాత్రి సికింద్రాబాదులో ఒక లాడ్జి క్రిందనున్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములో మంటలు లేచెను. పొగ మెట్ల దారిన పైకెక్కి 8 మందిని బలిగొనెను. ఈ మూడింటిలోను వాహనము రోడ్డుపై పరుగిడుట లేదు. ఎక్కడ పెట్టితిమన్నదే ప్రాణములకు ముఖ్యమైనది.

లిథియం అయాన్ ఘటములో రెండు ఎలక్ట్రోడ్లు, వాటి నడుమ పలుచని ప్లాస్టిక్ పొర, సులభముగా అంటుకొను కర్బన ద్రావకము ఉండును. దెబ్బ తగిలినను, మితిమీరి ఛార్జి చేసినను, తయారీలో లోపమున్నను లోపల వేడి పుట్టును. పాలిథీన్ పొర సుమారు 130 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరగును. అంతట షార్ట్ సర్క్యూట్ ఏర్పడి వేడి మరింత పెరిగి ప్రక్క ఘటమును రగిలించును. కొన్ని రకముల ఘటములలో ధనధ్రువ పదార్థము స్వయముగా ఆక్సిజన్‌ను విడుదల చేయును. అందుచేత దుప్పటి కప్పి గాలి ఆపినంత మాత్రమున ఈ మంట ఆరదు.

లిథియం లోహము నీటితో చర్య జరిపి హైడ్రోజన్ నిచ్చునని చదివిన విద్యార్థి, "మరి నీరు పోయవచ్చునా?" అని అడుగును. ప్రశ్న మంచిదే. ఇందు లిథియం ప్రధానముగా అయాన్ల రూపమున నుండును గనుక సమృద్ధిగా నీటితో చల్లార్చుటయే అగ్నిమాపక దళము వారి పద్ధతి. మనము మాత్రము దగ్గరకు పోరాదు. పొగలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ వంటి విషవాయువులుండును. అందరును బయటికి వచ్చి 101కు ఫోను చేయవలెను. ఆరినదనుకొనిన బ్యాటరీ కొన్ని గంటలకు మరల రగులవచ్చును.

మొయినాబాదు, చేవెళ్ల రోడ్డుపై మండుటెండలో తిరిగివచ్చిన బండిని నీడలో చల్లారనిచ్చి, పిదప దాని ఛార్జరుతోనే, మెలకువగా నుండు వేళ ఛార్జి చేయవలెను. సెలవులలో వాడనిచో సుమారు సగము ఛార్జితో పొడిచోట నుంచుట మేలు. ఉబ్బిన, నొక్కుకొనిన బ్యాటరీని వాడరాదు, చెత్తబుట్టలో వేయరాదు. దిండు క్రింద ఫోను ఛార్జింగు, మన యువకులకు ఎంత ప్రియమైనదైనను, మానవలసినదే.

కళాశాల కమిటీ వారు స్కూటర్ల ఛార్జింగునకు స్థలము కేటాయించునపుడు మెట్లకును, తరగతుల ద్వారములకును దూరముగా, గాలి ఆడు బయటిచోటును ఎంచవలెనని మనవి.